పోవడానికి ఎనిమిది గంటలు, రావడానికి ఏడు

పోయిన సంచికలో విమాన ప్రయాణం గురించి మీ సందేహాలు రాయమని అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత, ఎన్ని గంటలు పడుతుంది, ఈ రెండు లెక్కలూ ఎందుకు కలవవు? చదువుతుంటే నాకు చాలా సంతోషం వేసింది. ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన పని అదే. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తులో వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి, ఎప్పటికి చేరుతుంది అని నేలమీద కూర్చుని లెక్క కట్టి, పైలట్‌కి ఫ్లైట్ ప్లాన్ ఇచ్చేవాళ్లని డిస్పాచర్లు అంటారు. నేను డిస్పాచర్‌ని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇచ్చేశాను.

ప్రశ్న: మా అబ్బాయి లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లడానికి ఎనిమిది గంటలు పట్టింది. తిరిగి రావడానికి ఏడు గంటలు కూడా పట్టలేదు. అవే రెండు ఊళ్లు, అదే రకం విమానం. దూరం మారదు కదండీ, మరి ఆ గంట ఎక్కడికి పోయింది?
– ఒక తండ్రి

జవాబు: ఆ గంటను గాలి తీసుకుందండీ. వచ్చేటప్పుడు గాలే తిరిగి ఇచ్చింది, కానీ పూర్తిగా ఇవ్వలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేలకు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు, నదిలా సన్నగా, వేగంగా పారే గాలి ఉంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. జెట్ విమానాలు ఎగిరే ఎత్తు కూడా సరిగ్గా అదే. చలికాలంలో ఇది మరీ బలంగా ఉంటుంది. 1920లలో వసాబురో ఓఇషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూస్తూ ఈ గాలిని కొలిచారు. ప్రపంచమంతా చదవాలని ఆ ఫలితాలను ఎస్పరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన భాషలో ప్రచురించారు. ఆ భాష తెలిసినవాళ్లే తక్కువ కాబట్టి బయటివాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. అంత మంచి పని అలా మూలన పడిపోయిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

విమానం వేగం ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పే వేగం. పడవ ఏట్లో వెళ్తున్నట్టే. తెడ్డు వేసే బలం ఒకటే అయినా వాలుకు వెళ్తే ఒడ్డు త్వరగా వస్తుంది, ఎదురీదితే రాదు. లండన్, న్యూయార్క్ విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. గాలే లేని రోజు 6 గంటల 10 నిమిషాల్లో దాటుతుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే నేలమీద లెక్కకు వేగం 1,050 అవుతుంది, 5 గంటల 17 నిమిషాల్లో దాటేస్తుంది. అదే గాలి ఎదురైతే వేగం 750కి పడిపోయి 7 గంటల 24 నిమిషాలు పడుతుంది. నేలమీద మెల్లగా కదిలే సమయం, పైకెక్కే సమయం, దిగే సమయం వీటికి అదనం.

2020 ఫిబ్రవరిలో ఒక పెద్ద తుఫాను రోజున బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చింది. ఆ రాత్రి నేలమీద లెక్కకు దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. శబ్ద వేగాన్ని మించిందా అని అప్పట్లో చాలామంది అడిగారు. మించలేదు. దాని చుట్టూ ఉన్న గాలి కూడా దానితోపాటే పరుగెత్తుతోంది, ఆ గాలిలో అది మామూలు వేగంతోనే వెళ్తోంది. శబ్దాన్ని నిజంగా మించి వెళ్లినది కాంకార్డ్. 1996 ఫిబ్రవరి 7న అదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో దాటింది.

ఇక ఆ చివరి సంగతి. పైన చెప్పిన లెక్కలో వెనకగాలి 53 నిమిషాలు మిగిల్చింది, ఎదురుగాలి 74 నిమిషాలు తినేసింది. గాలి ఒకటే అయినా రెండూ సమానం కాలేదు చూశారా! ఎదురుగాలిలో విమానం మెల్లగా వెళ్తుంది కాబట్టి ఆ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువసేపు నష్టపోతుంది. అందుకే గాలి ఉన్న రోజున రానూపోనూ కలిపిన సమయం గాలి లేని రోజు కంటే ఎప్పుడూ ఎక్కువే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా సీనియర్ నాతో ఈ లెక్క పెన్సిల్‌తో మూడుసార్లు చేయించారు. ఇంధనం నింపేటప్పుడు "పోయింది వస్తుందిలే" అనుకోకూడదని నేర్పడానికి.

ప్రశ్న: నేను పదో తరగతి చదువుతున్నాను. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. విమానం పడమరకు వెళ్తే ఊరే ఎదురు వచ్చి త్వరగా చేరాలి కదా? మా సార్ కాదన్నారు, కానీ ఎందుకో నాకు అర్థం కాలేదు.
– ఒక విద్యార్థిని

జవాబు: చాలా మంచి ప్రశ్న అమ్మా. అర్థం కాలేదని ఒప్పుకుని మళ్లీ అడిగావు చూడు, అది ఇంకా మంచిది.

భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. నువ్వు అనుకున్నట్టే అయితే విమానం పైకి లేచి ఊరికే ఆగినా గంటలో కింద 1,670 కిలోమీటర్ల నేల దాటిపోవాలి. అలా జరగదు. ఎందుకంటే నేలతోపాటు గాలి కూడా తిరుగుతోంది. రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడే విమానానికి ఆ వేగం ఉంది, పైకి లేచినంత మాత్రాన అది పోదు. కదిలే రైల్లో కూర్చుని నాణెం పైకి ఎగరేసి చూడు. వెనక సీటులో పడదు, నీ చేతిలోకే వస్తుంది.

అయితే భూభ్రమణానికి ఇందులో పాత్రే లేదనుకోకు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి ధ్రువాల వైపు సాగేటప్పుడు, భూమి తిరుగుతున్నందువల్లే తూర్పుకు వంగుతుంది. పై జవాబులో చెప్పిన జెట్ స్ట్రీమ్ అలాగే పుడుతుంది. అంటే భూభ్రమణం ప్రయాణ సమయాన్ని నిజంగానే మారుస్తోంది, కానీ నువ్వు ఊహించినదానికి ఎదురుగా, తూర్పుకు వెళ్లేవాళ్లకు మేలు చేస్తూ.

అన్ని చోట్లా ఇలాగే ఉంటుందనీ అనుకోకు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, రుతుపవనాల కాలంలో, దక్షిణ భారతం మీద చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ స్ట్రీమ్ ఉంటుంది. దాన్ని లోతుగా పరిశోధించినవారిలో మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు ముఖ్యులు. 1958లో ఆయన ప్రచురించిన పత్రాన్ని ఇప్పటికీ ప్రస్తావిస్తారు. మీ సార్‌కి ఈ సంగతి కూడా చెప్పు, సంతోషిస్తారు.

ప్రశ్న: ఒక యాప్‌లో 5,556 అని ఉంది. ఇంకోదాంట్లో 3,452. మూడోదాంట్లో 3,000. మూడూ ఒకే రెండు విమానాశ్రయాల మధ్య దూరమే. ఏది నమ్మాలి?
– ఒక ట్రావెల్ ఏజెంట్

జవాబు: మూడూ నమ్మండి. మొదటిది కిలోమీటర్లు, రెండోది రోడ్డు మీద కొలిచే మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. 3,000 నాటికల్ మైళ్లను 1.852తో గుణిస్తే సరిగ్గా 5,556 కిలోమీటర్లు వస్తుంది. విమానాలకు, ఓడలకు నాటికల్ మైలే కొలత, ఎందుకంటే అది భూమి కొలత. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం దాదాపు ఒక నాటికల్ మైలు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని నాట్ అంటారు.

చిన్న చిన్న తేడాలు ఇంకా కనిపిస్తాయి. భూమి గుండ్రంగా ఉందని లెక్కకడితే ఒకటి, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిందని లెక్కకడితే మరొకటి వస్తుంది. పదివేల కిలోమీటర్లకు ఇరవై ముప్పై కిలోమీటర్ల తేడా మామూలే. కొన్ని యాప్‌లు విమానాశ్రయం బదులు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. అది మాత్రం తప్పు. విమానాశ్రయానికి అక్షాంశం, రేఖాంశం ఇచ్చే నిర్ణీత బిందువు ఒకటి ఉంటుంది, కొలత అక్కడి నుంచే జరగాలి.

పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కాబట్టి దూరం పెరుగుతుందా అని కూడా రాశారు. పెరుగుతుంది, కానీ పదివేల కిలోమీటర్లకు పదిహేడు కిలోమీటర్లే. ఒక నిమిషం పైచిలుకు ప్రయాణం.

ప్రశ్న: సీటు ముందు తెరమీద మ్యాప్ చూస్తూ కూర్చున్నాను. లండన్ నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్లాలంటే నేరుగా పడమరకు, కొంచెం కిందికి పోవాలి కదా. మా విమానం ఎక్కడో పైకి, గ్రీన్‌లాండ్ మీదికి పోయింది. దారి తప్పిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. ఎందుకలా తిప్పి తీసుకెళ్తారు?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఆ విమానం నేరుగానే వెళ్లింది. వంకర ఉన్నది మ్యాప్‌లో.

మీకు ఒక పని చెబుతాను, తప్పకుండా చేసి చూడండి. ఇంట్లో పిల్లల గ్లోబ్ ఉంటే తీసుకోండి. ఒక దారం తీసుకుని ఒక కొస లండన్ మీద, రెండో కొస లాస్ ఏంజిలిస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం దానంతట అదే జరిగి గ్రీన్‌లాండ్ మీదికి వెళ్తుంది. దారం అబద్ధం చెప్పదు, బిగిస్తే అతి చిన్న దారినే పట్టుకుంటుంది. గోళం మీద ఆ దారిని మహావృత్తం అంటారు. విమానయానంలో గ్రేట్ సర్కిల్ అనే పిలుస్తారు. నా టేబుల్ మీద ఉద్యోగంలో ఉన్నంత కాలం ఒక గ్లోబ్, ఒక ఎర్ర దారం ఉండేవి. కంప్యూటర్లు వచ్చాక వాటి అవసరం తీరిపోయింది, అయినా కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు ఆ దారమే చేతికిచ్చేదాన్ని.

బల్లపరుపు మ్యాప్‌లలో చాలావాటికి మూలం 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతి. ఓడ నడిపేవాళ్లు దిక్సూచి చూస్తూ ఒకే దిశలో పోవడానికి అది ఎంతో సాయపడింది. కానీ గుండ్రటి భూమిని చదును చేయాలంటే ధ్రువాల వైపు ప్రాంతాలను సాగదీయక తప్పదు. అందుకే గ్రీన్‌లాండ్ ఆ మ్యాప్‌లో ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు పద్నాలుగు రెట్లు పెద్దది.

న్యూయార్క్, మాడ్రిడ్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మ్యాప్‌లో అడ్డంగా గీత గీస్తే అదే దగ్గరి దారి అనిపిస్తుంది. ఆ అక్షాంశం వెంటే పోతే సుమారు 5,930 కిలోమీటర్లు. ఉత్తరానికి వంగి పోయే మహావృత్తం మీద సుమారు 5,770. తిప్పి తీసుకెళ్తున్నట్టు కనిపించే దారి 160 కిలోమీటర్లు దగ్గర.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య మహావృత్తం సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా విమానం అంతకుముందు అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబర్‌లో దాన్ని తూర్పుకు, పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లు అయింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి కూడా దాదాపు రెండు గంటలు ముందు, పద్నాలుగున్నర గంటల్లో చేరింది. వెనక నుంచి గాలి అంతగా తోసింది. ఆ వార్త చదివిన రోజు ఆ ఫ్లైట్ ప్లాన్ గీసిన చేతులకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ప్రశ్న: మా అమ్మ మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కుతోంది, ఢిల్లీ నుంచి లండన్‌కు నా దగ్గరికి. టికెట్‌లో రాత్రి 2:10కి బయలుదేరి ఉదయం 7:10కి చేరుతుందని ఉంది. ఐదు గంటలే అని అమ్మకు చెప్పేశాను. తర్వాత చూస్తే తొమ్మిదిన్నర గంటలు అంటున్నారు. అమ్మకు షుగర్ మాత్రలు ఉన్నాయి. ఏది నిజమో చెప్పండి.
– ఒక కూతురు

జవాబు: తొమ్మిదిన్నర గంటలే నిజం తల్లీ. ఈ రోజే అమ్మకు ఫోన్ చేసి సరిచేసి చెప్పండి. ఐదు గంటలనుకుని ఎక్కిన మనిషికి ఆరో గంటలో భయం మొదలవుతుంది. పక్కవాళ్లను అడగడానికి మొహమాటపడే మనిషైతే మరీను.

టికెట్ మీద బయలుదేరే సమయం ఢిల్లీ గడియారంది, చేరే సమయం లండన్ గడియారంది. రెంటినీ నేరుగా తీసేయకూడదు. ముందు రెండు సమయాలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన గడియారంలోకి మార్చాలి. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు, కాబట్టి 2:10 అంటే అంతకు ముందు రాత్రి 8:40. లండన్ వేసవిలో ఒక గంట ముందు, కాబట్టి 7:10 అంటే 6:10. రాత్రి 8:40 నుంచి తెల్లవారి 6:10 దాకా, తొమ్మిదిన్నర గంటలు. చలికాలంలో లండన్ వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు మనకూ వాళ్లకూ తేడా ఐదున్నర గంటలు అవుతుంది. అది కూడా గుర్తుపెట్టుకోండి.

మాత్రల విషయం ముఖ్యం. అమ్మ చేతి గడియారాన్ని దారిలో మార్చవద్దని చెప్పండి. ప్రయాణం మొత్తం ఎన్ని గంటలో, ఇంటి నుంచి బయలుదేరిన దగ్గర్నుంచి మీ ఇంటికి చేరేదాకా లెక్కేసి, ఆ కాగితం ఆవిడ డాక్టరుకు చూపించి, ఏ మాత్ర ఎప్పుడో రాయించుకోండి. మాత్రలు పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి.

ఇంకొక మాట. టికెట్‌లో వేసే సమయం విమానం గాలిలో ఉండే సమయం కాదు. చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మలు తీసిన నిమిషం నుంచి, అక్కడ చేరాక మళ్లీ దిమ్మలు పెట్టే నిమిషం దాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రద్దీ విమానాశ్రయంలో రన్‌వే దాకా పాకుతూ వెళ్లడానికే పావుగంట, అరగంట పోతుంది. చేరాక ఇమిగ్రేషన్ క్యూ, సామాను కోసం ఎదురుచూపు వేరే. కాబట్టి 7:10కి అమ్మ బయటికి వచ్చేయదు. కానీ మీరు మాత్రం ఆ సమయానికల్లా అక్కడ ఉండండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా ఉద్యోగంలో మూడో ఏడాది ఒకాయన ఫోన్ చేసి వాళ్ల నాయనమ్మ వస్తున్న విమానం ఎప్పుడు దిగుతుందని అడిగారు. నేను షెడ్యూలులో ఉన్న సమయం చదివి చెప్పాను. ఆ రాత్రి వెనకగాలి బలంగా ఉందని నా ముందున్న కాగితం మీదే ఉంది, చూడలేదు. విమానం యాభై నిమిషాలు ముందే దిగింది. భాష రాని చోట ఆ పెద్దావిడ గంటకు పైగా ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడి ఉందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఎవరు అడిగినా షెడ్యూలు చూసి సమయం చెప్పలేదు. ఆ రోజు లెక్క చూసి చెప్పాను. మీరు కూడా టికెట్‌ను కాదు, విమానం బయలుదేరాక దాని కదలికను చూపించే యాప్‌ను నమ్ముకోండి.

ప్రశ్న: సోమవారం రాత్రి టోక్యోలో ఎక్కి సోమవారం పొద్దున్నే హొనొలులులో దిగానని మా స్నేహితుడు అంటున్నాడు. కాలంలో వెనక్కి వెళ్లొచ్చా?
– ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: మీ స్నేహితుడు నిజమే చెప్పాడు బాబూ. టోక్యోకూ హొనొలులుకూ గడియారంలో 19 గంటల తేడా, మధ్యలో అంతర్జాతీయ దినరేఖ. రాత్రి 8 గంటలకు ఎక్కి ఏడు గంటలు ప్రయాణిస్తే టోక్యోలో మంగళవారం తెల్లవారుజామున 3 గంటలు. అందులోంచి 19 తీసెయ్, సోమవారం ఉదయం 8. తిరుగు ప్రయాణంలో ఆ రోజును మళ్లీ ఇచ్చేయాలి.

ప్రశ్న: మ్యాప్‌లో దగ్గరి దారి ఉండగా విమానాలు చుట్టూ తిరిగి వెళ్లడానికి గాలి ఒక్కటే కారణమా? మా వదిన హెల్సింకి నుంచి టోక్యో వెళ్లడానికి పదమూడు గంటలు పట్టిందట. పదేళ్ల క్రితం నేను వెళ్లినప్పుడు తొమ్మిదిన్నరే.
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్

జవాబు: గాలి ఒక్కటే కాదండీ. మీ వదిన గారి విషయంలో కారణం యుద్ధం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి తర్వాత యూరప్ దేశాలు రష్యా విమానాలకు తమ గగనతలం మూసేశాయి, రష్యా కూడా వాళ్లకు మూసేసింది. హెల్సింకి, టోక్యోల మధ్య దారం బిగిస్తే అది దాదాపు మొత్తం రష్యా మీదే ఉంటుంది. ఇప్పుడు ఆ విమానాలు ఉత్తర ధ్రువం వైపు నుంచో, దక్షిణాన మధ్య ఆసియా మీదుగానో తిరిగి వెళ్తున్నాయి. మనకూ ఇది అనుభవమే. 2019 ఫిబ్రవరి చివర నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ గగనతలం మూతపడినప్పుడు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకు మూసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లేవి అరేబియా సముద్రం మీదుగా చుట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. నేలమీద గీసిన సరిహద్దులు ఆకాశంలో కూడా ఉంటాయని డిస్పాచ్ గదిలో ఉన్నవాళ్లకు ప్రతిరోజూ తెలుస్తూనే ఉంటుంది. ఒక దారి మూతపడితే ఇంధనం పెరుగుతుంది, బరువు తగ్గించాలి, కొన్నిసార్లు మధ్యలో ఎక్కడో దిగి ఇంధనం నింపుకోవాలి. ఈ లెక్కలన్నీ రాత్రికి రాత్రి మళ్లీ వేయాలి.

రెండో కారణం భద్రత. రెండు ఇంజన్ల విమానం, ఒక ఇంజన్ ఆగిపోయినా మిగిలినదానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరేలా దారి ఉండాలి. మొదట్లో అది అరవై నిమిషాలు. 1985లో 120 నిమిషాల దాకా అనుమతి ఇవ్వడంతో అట్లాంటిక్ మీద రెండు ఇంజన్ల విమానాలకు దారి తెరుచుకుంది. ఇంజన్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ ఆ గడువు పెరుగుతూ వచ్చింది. ఎయిర్‌బస్ ఏ350 రకం విమానానికి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. నడిసముద్రం మీద ఎవరికీ కనిపించని ఈ నియమం మీ ప్రాణాలను కాపాడుతూ ఉంటుంది, అందుకోసం ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టినా విసుక్కోకండి.

మూడోది ట్రాఫిక్. ఉత్తర అట్లాంటిక్ మీద ఆ రోజు గాలిని బట్టి దారులను ఏ రోజుకారోజు కొత్తగా గీస్తారు. నిన్నటి దారి ఈ రోజు ఉండదు.

ప్రశ్న: మా విమానం ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలి ఐదు నిమిషాలు ముందే చేరింది. పైలట్ అంత వేగంగా నడిపారా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలావరకు కాదు. షెడ్యూలులోనే కొంత సమయం అదనంగా వేసి ఉంచుతారు. వేగం పెంచడానికి వీలున్నది చాలా కొద్ది, దానికి ఇంధనం మాత్రం చాలా ఎక్కువ ఖర్చవుతుంది.

ప్రశ్న: టికెట్ బుక్ చేస్తుంటే శాన్ హోసే అని రెండు కనిపించాయి. తప్పు ఊరికి పోతానేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ భయం న్యాయమైనదే. కాలిఫోర్నియాలోది ఎస్‌జేసీ, కోస్టారికాలోది ఎస్‌జేఓ. ఊరి పేరు చూసి కాదు, ఈ మూడక్షరాల కోడ్ చూసి బుక్ చేయండి. ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పోవాలనుకుని కెనడాలోని సిడ్నీలో దిగినవాళ్లు నిజంగానే ఉన్నారు.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఇంటర్నెట్ చూడను. దూరం తెలిస్తే సమయం నేనే వేసుకోవాలని కోరిక. సూత్రం ఇవ్వగలరా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, తప్పకుండా. కిలోమీటర్లను 850తో భాగించండి, వచ్చిన గంటలకు నలభై నిమిషాలు కలపండి. ఆ నలభై నిమిషాలు నేలమీద పాకడానికి, మెల్లగా ఎక్కడానికి, దిగడానికి. ఢిల్లీ, ముంబై మధ్య సుమారు 1,150 కిలోమీటర్లు. భాగిస్తే గంటా ఇరవై ఒక్క నిమిషాలు, కలిపితే రెండు గంటలు. సింగపూర్, న్యూయార్క్ మధ్య సుమారు 15,350 కిలోమీటర్లు. మీ లెక్కకు పద్దెనిమిది గంటల నలభై నిమిషాల పైచిలుకు వస్తుంది, అసలు ప్రయాణం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది.

భూమధ్యరేఖకు బాగా ఎగువన, తూర్పు పడమరలుగా పోయే దూర ప్రయాణాలకు ఒక సవరణ: తూర్పుకైతే గంటకు నాలుగు నిమిషాలు తీసేయండి, పడమరకైతే నాలుగు కలపండి. పంకాలున్న చిన్న ఏటీఆర్ విమానానికి ఈ 850 పనికిరాదు, 450తో భాగించండి.

దూరం కూడా మీరే వేసుకోవచ్చు. రెండు చోట్ల అక్షాంశ, రేఖాంశాలు ఉంటే గోళానికి వాడే కొసైన్ సూత్రం మీకు తెలిసిందే. మధ్య కోణం డిగ్రీల్లో వచ్చాక 111.2తో గుణిస్తే కిలోమీటర్లు. నాకు ఒక జవాబు వేసి పంపండి, మీ అంకెలు మీ చేతిరాతతో చూడాలని ఉంది.

ప్రశ్న: అన్నిటికంటే చిన్న విమాన ప్రయాణం ఏది?
– ఐదో తరగతి బాబు, వాళ్ల అక్క చేత రాయించాడు

జవాబు: స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ అని దీవులున్నాయి నాన్నా. అందులో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రే అనే దీవికి విమానం వెళ్తుంది. దూరం 2.7 కిలోమీటర్లు. టైమ్‌టేబుల్‌లో రెండు నిమిషాలు అని రాసి ఉంటుంది, గాలి బాగుంటే అంత కూడా పట్టదు. 1967 నుంచి నడుస్తోంది. టీచర్లు, డాక్టర్లు అందులోనే ఎక్కి దిగుతారు. దీవిలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వాళ్లనీ అందులోనే తీసుకెళ్తారు. ఆ రెండు నిమిషాల విమానానికి కూడా ఎవరో ఒకరు నేలమీద కూర్చుని, గాలి ఎటు వీస్తోందో చూసి, లెక్క వేసి పంపిస్తారు.